కడుపులో పెట్టుకోండి

చేప నీళ్ళ రుచి ఎలా ఉంటుందో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. తొట్టిలో నీళ్ళు తీయాలంటే పైపు ఒక కొస నీళ్ళలో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాలి. నీళ్ళు నోటిదాకా వస్తున్నాయనగా మొహం పక్కకి తిప్పి, కొస బకెట్లో పెట్టేయాలి. ఆ "అనగా" దగ్గర కాస్త ఆలస్యమైందంటే అయిపోయినట్టే. ఆ ఉదయం ఆలస్యమైంది. నేను వరండాలోకి పరిగెత్తి ఉమ్మేసి, నోరు పుక్కిలిస్తూంటే మా ఆయన ఉపేంద్ర ఫోన్లోంచి తలెత్తకుండా అన్నాడు.

"ఇన్నేళ్ళయింది, ఇంకా నేర్చుకోలేకపోతే ఎలగే పైడీ?"

అది వచ్చినప్పుడు నా చిటికెనవేలంత ఉండేది. విశాఖపట్నంలో ఎవరి పెళ్ళికో వెళ్ళి, తిరుగు రైల్లో ప్లాస్టిక్ సంచీలో నీళ్ళతో సహా పట్టుకుని మేముండే ఇనుపగనుల ఊరు కిరండూల్ దాకా తెచ్చాడు. "షార్కు! ఒరిజినల్ షార్కు!" అన్నాడు గుమ్మంలోనే. షార్కంటే ఏటిరా అని అడిగింది మా అత్తగారు అప్పలనరసమ్మ. సొరచేప అన్నాడు. ఆవిడది భీమిలి దగ్గర సముద్రపొడ్డు. సొర అన్న మాట వినగానే మొహం విప్పారింది. "పాలసొరేటి? పిట్టు సేసి పెడితే బాలింతలకి పాలు పడతాయి" అంది. బాలింత లేని ఇంట్లో, వేలెడంత చేపతో పిట్టేమిటని కొడుకు కోప్పడ్డాడు. ఆ వారంలోనే ఆయనకి గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు పని ఖాయమైంది. అంతటితో పిట్టు కావలసిన చేప మహాలక్ష్మి అయి కూర్చుంది. అప్పట్నుంచి దాని పేరు లక్ష్మి.

లక్ష్మికి వెలుగు పడదు. టక్కున లైటు వేస్తే బెదిరి అద్దానికి ముక్కు కొట్టుకుంటుంది. చప్పుడు అసలే పడదు. వంటింట్లో గిన్నె జారిందంటే వెల్లకిలా తిరిగిపోయి చచ్చినట్టు పడుకుంటుంది. కాసేపటికి తనే లేస్తుంది. ఆ కాసేపూ మా అత్తగారు గుండె పట్టుకుని "సంపీసేవా, మా లచ్చిమిని సంపీసేవా" అని నన్ను తిడుతుంది. అందుకని నేను గిన్నెలు మెల్లగా తోమడం, తలుపులు మెల్లగా వేయడం, చివరికి దగ్గడం కూడా మెల్లగా నేర్చుకున్నాను. దానికి కావలసిన నీళ్ళు ఇంకో కథ. మా ఊళ్ళో గాలికి ఎర్రదుమ్ము, కొళాయికి ఎర్రనీళ్ళు. మనుషులం గుడ్డతో వడగట్టుకుని తాగేస్తాం. లక్ష్మికి మాత్రం ముందురోజే బకెట్లలో పట్టి, తేర్చి, పైనీళ్ళు పోయాలి. డ్యూటీ నుంచి వచ్చి నేను ఆ పని చేస్తూంటే చూడవచ్చిన చుట్టాలకి ఉపేంద్ర చెబుతాడు: "చేపల్ని పెంచడమంటే చాలా ఓపిక కావాలి. అందరివల్లా కాదు."

అది ఆడదో మగదో ఎవరికీ తెలీదు. పెట్టింది తినడం, తిన్నచోటే మురికి చేయడం, ఎవరో వచ్చి శుభ్రం చేస్తూంటే గుడ్లప్పగించి చూడడం, చిన్న చప్పుడైతే పడకేయడం చూసి నాకైతే మగదనే అనుమానం.

ఒక ఆదివారం సంతలో, ఆంధ్రా నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన చేపల కుప్పలో నాకు లక్ష్మి మొహం కనిపించింది. అవే మీసాలు, అదే నోరు, అదే వెర్రిచూపు. ఇదేం చేప అనడిగితే, "పంగస్ మేడమ్, ముల్లుండదు, ఫ్రైకి బాగుంటుంది" అన్నాడు అమ్మేవాడు. ఆ కుప్పలో అతిచిన్నది నా చెయ్యంత ఉంది. పెద్దది పక్కన వేరే పీట మీద పడుకోబెట్టారు, పీటకి అటూ ఇటూ వేలాడుతోంది. ఇంటికి వచ్చి చెబితే ఉపేంద్ర ఆ పూట అన్నం ముట్టుకోలేదు. "నాది అంటూ ఏదన్నా గొప్పగా ఉంటే నువ్వోర్వలేవు" అన్నాడు. లక్ష్మి అప్పటికే తొట్టిలో వెనక్కి తిరగాలంటే తోక మడుచుకోవలసి వస్తోంది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను రైల్వేలో పాయింట్స్‌మన్‌ని. నాన్న పోయాక నాకు వచ్చిన ఉద్యోగం. ఆడదాన్నైనా కాయితం మీద మన్‌నే. వ్యాగన్లు తగిలించడం, విడదీయడం, జెండా చూపించడం నా పని. మా స్టేషన్ సూపరింటెండెంటు చక్రధరరావు గారు పైనుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, మిగతావాళ్ళని పట్టాల మీదికి పంపి, "నువ్వు ఉండమ్మా, టీ సంగతి చూడు, నీ చేతి టీ అంటే వాళ్ళకిష్టం" అనేవారు. వాళ్ళెవరూ నా చేతి టీ అంతకుముందు తాగి ఉండరు. మేమున్న రైల్వే క్వార్టరు నా పేరు మీద ఇచ్చింది. గుమ్మం మీద బోర్డు మాత్రం ఉపేంద్ర పేరుతో ఉంటుంది. పోస్టుమ్యాను కంగారుపడతాడని ఆయన వాదన.

అలాంటిదాన్ని నేను గార్డు పరీక్ష రాశాను. గూడ్సు బండి చివరి పెట్టెలో నిలబడి జెండా ఊపే గార్డు. ఇప్పుడు ఆ పోస్టు పేరు ట్రైన్ మేనేజరు. బండికీ బండికీ మధ్య బెంచీ మీద కూర్చుని చదివాను, లక్ష్మి నీళ్ళు తేరేలోగా చదివాను. పాసయ్యాను. ఫలితం తెలిసిన రోజు మా అత్తగారు కొబ్బరికాయ తెచ్చింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళి తొట్టి ముందు కూర్చుంది. "నీ సలవే తల్లీ! కొడుక్కి పనిచ్చేవు, కోడలికి పరీక్షిచ్చేవు" అని నేల మీద కాయ ఠప్పున కొట్టింది. ఆ చప్పుడుకి లక్ష్మి మూర్ఛపోయింది. అది లేచేదాకా ఆవిడ ఏడుపు, ఉపేంద్ర కంగారు. ఆ హడావుడిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు, బాగుందని కూడా అనలేదు. కొబ్బరిచెక్క మాత్రం పచ్చడి చేయమని చేతికిచ్చారు. చేశాను. నవ్వొస్తుంది గానీ, ఆ రోజు చాలా బాధపడ్డాను.

నెల తిరిగేసరికి ట్రైనింగు స్కూల్లో చేరాలని, అయ్యేదాకా అక్కడి హాస్టల్లోనే ఉండాలని కబురొచ్చింది. చేరకపోతే ఆ సీటు నా వెనకవాడికి పోతుంది, మళ్ళీ పరీక్ష ఎప్పుడో దేవుడికెరుక. ఉపేంద్రకి చెప్పాను. "ట్రైన్ మేనేజరా?" అన్నాడు. మళ్ళీ ఒకసారి, "మేనేజరా?" అన్నాడు. ఆయన సూపర్‌వైజరు. ఆ మాట ఆయన గొంతులో ముల్లులా అడ్డుపడింది.

"ఎల్లు. నేనేటి వద్దంటన్నానా? మరి లక్ష్మినెవరు చూస్తారు?"

నేను ముందు నవ్వులాటనుకున్నాను. మా అబ్బాయి సునీల్ రాయపూర్ హాస్టల్లో ఉన్నాడు. అత్తగారి కాళ్ళూ చేతులూ నావాటికన్నా గట్టివి. నన్ను ఇంట్లో ఆపడానికి చేప ఒక్కటే మిగిలింది, ఆయన దాన్నే పట్టుకున్నాడు.

"మీరు చూడండి" అన్నాను.

"నాకు పైపు పీల్చడం ఎక్కడొచ్చు? పైగా నా నడుం సంగతి నీకు తెలీదేటి?"

"నాకైతే సూపే ఆనదమ్మా" అంది అత్తగారు, నేనేమీ అడగకముందే. ఎదురు క్వార్టరు డాబా మీద ఆరేసిన చీరకి జరీ అంచు ఎంత వెడల్పో ఆవిడ మా వరండాలోంచి చెప్పగలదు. బకెట్టు మాత్రం కనిపించదు.

"అయితే లక్ష్మినే ఎవరికన్నా ఇచ్చేద్దాం. ఎలాగూ తొట్టి చాలడం లేదు దానికి" అన్నాను.

"లచ్చిమిని గడప దాటించీస్తావేటే? ఇల్లు ఏటైపోతాదనుకున్నావు?" అని ఆవిడ నోటికి కొంగడ్డం పెట్టుకుంది. ఇంట్లో ఆవిడ మాట మీద మాట లేదు. ఉపేంద్ర తృప్తిగా మళ్ళీ ఫోను తీసుకున్నాడు.

పక్క క్వార్టరు స్టెల్లా దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నాను. స్టెల్లా మా స్టేషన్లోనే టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. ఆవిడ భర్త జాన్‌బాబు దంతెవాడ అవతల ఒక మిషన్ స్కూల్లో మాస్టరు. స్టెల్లా నా మాటలన్నీ విని, పెద్ద నిట్టూర్పు విడిచి, "నువ్వూ ఆ చేపా ఒకటే పైడీ. ఇద్దరూ చాలని తొట్టిలో ఉన్నారు" అంది. ఆదివారం చర్చిలో ప్రసంగాలు విని విని ఆవిడకి ప్రతిదానికీ ఒక ఉపమానం దొరుకుతుంది. నాకు ఒళ్ళు మండింది. "నేనూ అదీ ఒకటెలగవుతాం స్టెల్లా? దానికి నీళ్ళు మార్చడానికి నేనున్నాను. నాకెవరున్నారు? దాన్ని చూడ్డానికి చుట్టాలొస్తారు. నేను తొట్టి కడిగేదాన్ని, తొట్టిలోదాన్ని కాదు" అన్నాను. స్టెల్లా గ్లాసు నా ముందుకి జరిపి, "అదీ నిజమేలే. టీ తాగు" అంది. ఎవరైనా పెట్టిచ్చిన టీ తాగి చాలా రోజులైంది నాకు.

దారి దొరికింది మాత్రం అత్తగారి నోటినుంచే. ఆవిడ చెల్లెలి మనవరాలికి సంబంధం కుదిరిందట. పిల్ల అంత దూరం పోనని ఏడుస్తోందట. అత్తగారు ఫోన్లో గట్టిగా బుద్ధులు చెబుతోంది. "ఏడిస్తే ఏటవుతాదే? ఆడపిల్లంటే ఆడ పిల్లే గానీ ఈడ పిల్లేటి? ఎన్నాల్లుంచుకుంటాం? ఈడొచ్చిన పిల్లని ఇంట్లో ఎట్టుకుంటే ఊరు నవ్వదేటి?" నేను తొట్టి అద్దం తుడుస్తున్నాను. ఈ మాట నా పెళ్ళప్పుడూ విన్నాను. విన్న ప్రతిసారీ కోపమే వచ్చేది. మొదటిసారి ఆ మాట మీద ప్రేమ పుట్టింది.

ఆవిడ ఫోను పెట్టేసేదాకా ఆగి అడిగాను. "అత్తా, మన లక్ష్మి ఆడపిల్లే కదా?"

"కాదేటి మరి! మా ఇంటి ఆడపిల్ల."

"మరి ఎన్నాళ్ళు పుట్టింట్లో ఉంచుకుంటాం? ఈడు మించిపోతోంది. నిన్న స్టెల్లా కూడా అడిగింది, ఇంత పిల్లని ఇంకా ఈ ఇరుకులోనే ఉంచేరా అని."

స్టెల్లా అలా అడగలేదు. అయినా ఊరు నవ్వుతుందన్న భయం ముందు నిజానిజాలు ఎవరిక్కావాలి? అత్తగారు తొట్టి దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, లక్ష్మిని తలనుంచి తోకదాకా పరీక్షగా చూసింది. లక్ష్మి సరిగ్గా అప్పుడే తోక మడిచి, అవస్థ పడుతూ వెనక్కి తిరిగింది.

"నిజవేనే. ఎదిగిపోనాది గుంట" అంది ఆవిడ.

లక్ష్మిని గడప దాటించడం పాపం. ఆడపిల్లని అత్తారింటికి పంపడం పుణ్యం. దాటేది ఒకటే గడప. ఆవిడకి ఇందులో చిక్కేమీ కనిపించలేదు. పెళ్ళిసంబంధాలు చూడడంలో ఆవిడంత మనిషి మా వైపు లేదు. మర్నాటికల్లా ఇంట్లో ఆ సందడి మొదలైపోయింది.

క్లబ్బు సెక్రటరీ గారు ఫౌంటెన్‌లో వేసుకుంటామని వచ్చారు. ఆ ఫౌంటెన్‌కి చుట్టూ రంగుదీపాలు. "ఎలుగు పడదు మా పిల్లకి. రేతిరంతా నిద్దరుండదు" అని అత్తగారు తిప్పి పంపేసింది. ఉపేంద్ర స్నేహితుడొకాయన దంతెవాడ తీసుకెళ్ళి ఏట్లో వదిలేయమన్నాడు. అది ఆ ఏటి చేప కాదు, అక్కడి చిన్నచేపల్ని బతకనివ్వదు అని నేను అంటూండగానే, "దిక్కులేని పిల్లనుకున్నావేటి, ఏట్లో ఒగ్గీడానికి?" అని ఆవిడ కాఫీ గ్లాసు కూడా ఇవ్వకుండా లేపేసింది. గీదం రోడ్డు మీది ఢాబా ఆయన బాగా మర్యాదగా వచ్చాడు. మా దగ్గర పెద్ద తొట్టి ఉందన్నాడు. అత్తగారు సంతోషించి కుర్చీ వేయించింది. వెళ్ళేముందు ఆయన అద్దంలోంచి లక్ష్మి పొట్టని చూస్తూ, వేళ్ళతో గాలిలోనే ముక్కలు కొలుచుకున్నాడు. ఆవిడ అది చూడనే చూసింది. చూపు ఆనదని చెప్పిన మనిషి! "కట్నం కోసం వొచ్చినోడి సూపు నాకు తెలీదేటి" అంది తలుపేసుకుంటూ.

చివరికి స్టెల్లాయే దారి చూపించింది. జాన్‌బాబు స్కూలు హాస్టల్ వెనక తోటకి నీళ్ళు పెట్టడానికి కట్టిన పెద్ద సిమెంటు చెరువులాంటిది ఉందట. లోతు బాగా ఉంటుంది, సగం మీద మామిడిచెట్ల నీడ. అందులో ఇప్పటికే ఇలాంటివే రెండు ఉన్నాయట, ఎవరో పెంచలేక ఇచ్చేసినవి. "తోడికోడళ్ళున్నారన్నమాట" అంది అత్తగారు ఆలోచనగా. మతం సంగతి కాసేపు వేధించింది ఆవిడని. తరవాత, "నీటికి మతమేటిలే" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. నేను డ్యూటీ లేని రోజు వెళ్ళి చూసొచ్చాను. నీళ్ళు ఎర్రగా లేవు. ఎవరూ పైపు పీల్చక్కర్లేదు, కింద తూము ఉంది. ఆ తూము చూసి నాకు కడుపు నిండిపోయింది.

అంతా కుదిరాక ఉపేంద్ర నోరు విప్పాడు. "సరే, చేపనైతే పంపండి. తొట్టి ఉంచుదాం. ఈసారి పెరగని రకం చూసి తెస్తాను. నీళ్ళు వారానికోసారి మారిస్తే చాలంట."

ఎవరు మారిస్తే చాలు అన్నది ఆయన చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. అరిచి ఉపయోగం లేదు. నేను అత్తగారి వైపు తిరిగాను.

"అత్తా, నా పెళ్ళికి మా అమ్మ మంచం పంపించి, పరుపు ఉంచేసుకుని ఉంటే మీరేమనేవారు?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏటనీదాన్నా? పందిట్లోనే నిలదీసీదాన్ని!" అని, అప్పుడు అర్థమై కొడుకు మీదికి తిరిగింది. "ఒరే ఉపేందరా! పిల్లని ఉత్త సేతుల్తో పంపుతావేట్రా? సారె లేకండా ఎల్లిన పిల్లకి తోడికోడళ్ళ దగ్గర ఇలవుంటాదేటి? తొట్టి, పంపు, పైపు, బకెట్లు, అన్నీ ఎల్తాయి!"

"అమ్మా, అది చేప."

"నిన్నటిదాకా లచ్చిమన్నావు, అంతకుముందు సొరన్నావు. నీకు ఒక మాట మీద నిలకడుందేట్రా?"

సారె అంటే మా విజయనగరం వైపు ఆషామాషీ కాదు. చిమ్మిలుండలు, కొబ్బరి లౌజు, జంతికలు అన్నీ ఉండాలి. చేపకి చిమ్మిలేమిటని ఉపేంద్ర గొణిగితే, హాస్టల్ పిల్లలు తింటారు, పేరు మన పిల్లకి వస్తుంది అంది ఆవిడ. సారె వండిందెవరో వేరే చెప్పాలా? నువ్వులు దంచుతూంటే చేతులు పడిపోయాయి. అయినా జీవితంలో మొదటిసారి వంట చేస్తూ పాట పాడుకున్నాను, పాడితే లక్ష్మి బెదురుతుందని గుర్తొచ్చేదాకా.

అనుకున్న రోజు స్కూలు నుంచి చిన్న ట్రక్కులో నీలం రంగు డ్రమ్ము వేసుకుని మంగు వచ్చాడు. నడివయసు మనిషి, హాస్టల్ తోట ఆయనే చూస్తాడు. హల్బీ, గోండీ, హిందీ వచ్చు, తెలుగు రాదు. లక్ష్మిని పట్టే బాధ్యత ఉపేంద్ర తీసుకున్నాడు, మగవాళ్ళ పని అన్నాడు. లక్ష్మి తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది. ఆయన నేల మీద చతికిలబడ్డాడు. లక్ష్మి మూర్ఛపోయింది. ఇదే అదునని నేనూ మంగూ తడి దుప్పట్లో చుట్టి, ఎత్తి డ్రమ్ములో దించేశాం.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అత్తగారు గిన్నెతో పాలు పట్టుకుని వరండాలోకి వచ్చింది. అప్పగింతలు పాలలోనే జరగాలిట. పాలు నీళ్ళలో పడితే చేప చస్తుందని బతిమాలి, చివరికి మంగు చేతులు మాత్రం పాలలో ముంచడానికి ఒప్పించాను. మంగు మా అందరి మొహాలూ చూసి, ఇది వీళ్ళ ఆచారం కాబోలని చేతులు చాచాడు. ఆవిడ ఆ చేతులు పట్టుకుని నిజంగానే ఏడ్చేసింది. ఆవిడ ఏడుస్తూంటే నాకూ ఆగలేదు. ఎన్ని తిట్టుకున్నా ఇన్నేళ్ళు నా చేతిలో పెరిగిన ప్రాణం.

"నాయినా, గారంగా పెరిగిన పిల్ల. ఎలుగు పడదు. సప్పుడు పడదు. ఏలకి మేతుండాలి. తెలిసో తెలీకో తప్పు సేస్తే... కడుపులో పెట్టుకోండి నాయినా."

మంగుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఉపేంద్రకి తన హిందీ అంటే గర్వం. చెంప తడుముకుంటూ ముందుకొచ్చాడు.

"మాఁ బోల్ రహీ హై, ఇస్కో పేట్ మే రఖ్నా."

మంగు డ్రమ్ము వైపు చూశాడు. అత్తగారి కన్నీళ్ళ వైపు చూశాడు. "పేట్ మే?" అన్నాడు, తన పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"హాఁ, పేట్ మే. సబ్ లోగ్ మిల్‌కే!" అన్నాడు ఉపేంద్ర, అందరూ కలిసి బాగా చూసుకోవాలన్న ఉద్దేశంతో.

మంగు తలూపాడు. "ఠీక్ హై సాబ్. ఇత్వార్ కో. బచ్చే బహుత్ హై, సబ్‌కో హో జాయేగా." ఆదివారం పిల్లలందరికీ సరిపోతుందని ఆయన లెక్క.

"ఏటంటన్నాడు?" అంది అత్తగారు.

"ఆదివారం నుంచి పెట్టుకుంటారంట. పిల్లలందరూ కూడానంట."

"ఆదివారందాకా ఎందుకు? ఈ రోజునుంచే పెట్టుకోమను!"

"ఆజ్ హీ సే!" అన్నాడు ఉపేంద్ర.

మంగు ఇక ఉండబట్టలేక నా వైపు తిరిగాడు. ఇవాళే తినేసేదైతే ప్రాణంతో డ్రమ్ములో ఎందుకు మేడమ్, ఇక్కడే కోసి ఇస్తే మోసుకెళ్ళడం తేలిక కదా, అని హిందీలో అడిగాడు. నేను డ్రమ్ముకి అడ్డంగా నిలబడిపోయాను. "నహీఁ భయ్యా, ఖానా నహీఁ, పాల్నా హై! పాల్నా!" తినడానికి కాదు, పెంచడానికి అని అరిచి, ఇది మేము కూతుర్ని పంపేటప్పుడు అనే మాట అని విడమర్చి చెప్పాను. మంగు పకపకా నవ్వాడు.

"హమ్ లోగ్ బేటీ దేతే హై తో ఖానే కో నహీఁ బోల్తే, మేడమ్."

మేము కూతుర్నిచ్చేటప్పుడు తినమని చెప్పం, అన్నాడు. స్టెల్లా గోడకి ఆనుకుని నవ్వింది. అత్తగారికి నేనే తెలుగులో చెబితే ఏడుపులోంచి నవ్వింది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

నా పెళ్ళిలో మా అమ్మ ఇలాగే నా చేతులు పాలలో ముంచి ఈ అత్తగారి చేతుల్లో పెట్టింది. ఇదే మాట అంది, "కడుపులో పెట్టుకోండి వదినగారూ" అని. ఆవిడ "అలగే వదినా" అంది. ముత్తయిదువలందరూ కళ్ళొత్తుకున్నారు. దాన్ని హిందీలో చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు గనక ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఇన్నేళ్ళుగా నా నిద్రలు, నా ఆదివారాలు, నా పేరు మీది గుమ్మం, నేను పాసైన పరీక్ష, అన్నీ ఎక్కడికి పోతున్నాయా అనుకునేదాన్ని. మాట ఇచ్చినట్టే కడుపులోనే పెట్టుకున్నారు. అందరూ కలిసి, ఆదివారందాకా కూడా ఆగకుండా. ఉపేంద్ర ఆ రోజు తప్పుగా అనువదించలేదు. ఆ మాటకి అర్థం సరిగ్గా చెప్పిన మొదటి మనిషి ఆయనే.

"ఏటే, అలగుండిపోనావు?" అంది అత్తగారు.

"మా అమ్మ గుర్తొచ్చింది అత్తా. మీ చేతుల్లో నన్ను పెట్టినప్పటి మాట."

ఆవిడ నా వైపు చూసింది. తరవాత తన చేతుల వైపు చూసుకుంది, ఇంకా పాలు అంటుకునే ఉన్నాయి. ఆవిడ చేతుల్నీ ఎవరో ఒకనాడు పాలలో ముంచే ఉంటారు. కొంగుతో తుడుచుకుని, చిమ్మిలుండల డబ్బా తనే మోసుకెళ్ళి ట్రక్కులో పెట్టింది.

ట్రక్కు వెళ్ళిపోయింది. మంగు ఆ సాయంత్రమే స్టెల్లా ఫోనుకి వీడియో పంపించాడు. లక్ష్మి నీడలోకి పోయి, తోక మడవకుండా వెనక్కి తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగింది. మా అత్తగారు ఆ వీడియో కాలనీలో చూపించని మనిషి లేదు.

నేను బయలుదేరే రోజు వచ్చింది. విశాఖపట్నం ప్యాసింజరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసిందని స్టెల్లా కేకేసింది. నేను చీరకి పిన్ను పెట్టుకుని, పెట్టె తీసుకుని హాల్లోకి వచ్చాను. తొట్టి ఉండే చోట గోడ మీద తెల్లగా నలుచదరపు మచ్చ మిగిలింది. దాని కింద కుర్చీ వేసుకుని ఉపేంద్ర కూర్చున్నాడు, ముందురోజు బనీనుతో. రాత్రినుంచి ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉన్నాడు. బియ్యం ఏ డబ్బాలో ఉంటాయి, కుక్కరుకి ఎన్ని విజిళ్ళు, బట్టల సబ్బు ఎక్కడ. అన్నీ ఒక్కసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు.

"నా వల్ల కాదురా బాబూ, నాను పెంచాల్సింది పెంచీసేను" అంది అత్తగారు లోపల్నుంచి, ఎవరూ ఏమీ అడగకముందే.

ఉపేంద్ర నా పెట్టె వైపు చూశాడు.

"చేపకైతే అన్ని సంబంధాలు చూసి, సారె పెట్టి, పాలలో చేతులు ముంచి మరీ అప్పగించేవు. నన్నెవరికి అప్పగించి ఎల్లిపోతన్నావే పైడీ?"

జాలేసింది, అబద్ధం చెప్పను. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వంటింటి వైపు ఒక అడుగు వేయబోయాయి కూడా. పెట్టెని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాను.

"మిమ్మల్ని ఎవరికీ అప్పగించక్కర్లేదండీ" అన్నాను. "దానికైతే చేతుల్లేవు. మీకున్నాయి."